అమెరికా దక్షిణాది 'యాల్': ఒకరినా, అందరినా?

డాలస్ పక్కన ఫ్రిస్కోకో, అట్లాంటాకో, షార్లట్‌కో కొత్తగా వెళ్లిన తెలుగువాళ్ల చెవిన వెంటనే పడే మాట 'యాల్'. రెస్టారెంట్‌లో కూర్చోగానే సర్వర్ వచ్చి 'హౌ యాల్ డూయింగ్ టుడే?' అంటుంది. మీటింగ్ చివర్లో మేనేజర్ 'యాల్ గాట్ ఎనీ క్వశ్చన్స్?' అంటాడు. పక్కింటావిడ గేటు దాకా సాగనంపి 'యాల్ కమ్ బ్యాక్' అంటుంది. రాసేటప్పుడు వై అక్షరం తర్వాత అపాస్ట్రఫీ, ఆ తర్వాత ఎ, రెండు ఎల్‌లు. 'యు', 'ఆల్' కలిస్తే 'యాల్'. అర్థం 'మీరందరూ'.

ఇంతవరకూ ఎవరికీ ఇబ్బంది లేదు. చిక్కు ఎక్కడొస్తుందంటే, షాపులో కౌంటర్ దగ్గర ఒంటరిగా నిలబడ్డ మనిషితో కూడా ఇదే మాట అనడం వింటాం. అది విన్న తెలుగువాళ్లకి చప్పున తోచే అర్థం ఒకటుంది: ఇది మన 'మీరు' లాంటిదన్నమాట, ఒక్కరే ఉన్నా మర్యాదకి బహువచనం వాడుతున్నారన్నమాట. చాలామంది అలాగే అనుకుని వాడేస్తుంటారు కూడా. కానీ 'యాల్'లో గౌరవం అనే అర్థం లేదు. దీనికి తెలుగులో సరైన జోడీ కావాలంటే మర్యాదకి వాడే 'మీరు'ను పక్కనపెట్టి, 'మీ అమ్మ ఎలా ఉంది?' అనే వాక్యాన్ని తీసుకోవాలి. అదెలాగో తేలాలంటే ముందు ఇంగ్లీషు తన బహువచనాన్ని ఎలా పోగొట్టుకుందో చూడాలి.

ఇంగ్లీషులో 'నువ్వు' ఏమైంది?

ఒకప్పుడు ఇంగ్లీషులోనూ మనకున్నట్టే రెండు మాటలుండేవి. ఒకరితో మాట్లాడితే 'దౌ', ఎక్కువమందితో అయితే 'యీ'. ఇప్పుడు అందరం వాడే 'యు' అప్పట్లో 'యీ'కి కర్మ రూపం, అంటే మన 'మిమ్మల్ని'. ఇంకా వెనక్కి వెళితే ఇద్దరికి మాత్రమే వాడే సర్వనామం కూడా ఉండేది, సంస్కృతంలో 'యువాం' ఉన్నట్టు.

13వ శతాబ్దం నుంచి ఫ్రెంచివాళ్ల అలవాటు చూసి, పెద్దవాళ్లు ఒక్కరే ఉన్నా బహువచనంతో పలకరించడం ఇంగ్లీషులో మొదలైంది. తెలుగు కూడా ఇంచుమించు ఈ దారినే నడిచింది. మన పాత కావ్యాల్లో సాధారణంగా రాజునైనా 'నీవు' అనే పిలుస్తారు. ఒక్క మనిషిని 'మీరు' అనడం తర్వాత తర్వాత స్థిరపడ్డ పద్ధతి. దేవుడితో మాత్రం ఇప్పటికీ 'నువ్వే దిక్కు' అంటాం. ఇంగ్లీషు ప్రార్థనల్లోనూ 'దౌ' అలాగే మిగిలింది.

మర్యాద మాట వచ్చాక మామూలు మాటకి గడ్డుకాలం మొదలవుతుంది. ఎదుటివాడు ఏ స్థాయివాడో తెలియనప్పుడు 'యు' అంటే ఏ గొడవా ఉండదు. 'దౌ' అంటే ఎక్కడ చిన్నచూపు అనుకుంటారోనని భయం. క్రమంగా 'దౌ' పిల్లలకీ, నౌకర్లకీ, బాగా దగ్గరివాళ్లకీ, కోపంలో తిట్టడానికీ మిగిలింది. 1603లో ఇంగ్లండ్‌లోని వించెస్టర్‌లో, నావికుడూ కవీ అయిన సర్ వాల్టర్ రాలీ మీద రాజద్రోహం విచారణ జరిగింది. ప్రభుత్వం తరఫున వాదించిన ఎడ్వర్డ్ కోక్ ఆవేశం పట్టలేక, నిన్ను 'దౌ' అంటున్నానురా ద్రోహీ అని రాలీ మొహం మీదే అన్నాడు. అంటే 'దౌ' అని పిలవడమే ఒక తిట్టు, ఆ తిట్టు తిడుతున్నానని చెప్పడం ఇంకో తిట్టు. మనకిది కొత్తేం కాదు. 'ఏకవచనంతో సంబోధించారు' అన్న మాట మన అసెంబ్లీ వార్తల్లో ఎన్నిసార్లు చూడలేదు! 'నువ్వు గివ్వు అంటే బాగుండదు' అని బస్సులో సీటు దగ్గర మొదలైన గొడవ ఎక్కడిదాకా పోతుందో అందరికీ తెలుసు.

అదే శతాబ్దం మధ్యలో క్వేకర్లనే క్రైస్తవ శాఖను మొదలుపెట్టిన జార్జ్ ఫాక్స్, ఆయన వెంట నడిచినవాళ్లు దీనికి ఎదురు తిరిగారు. దేవుడి ముందు అందరూ సమానమే అయినప్పుడు ఒకడికి ఏకవచనం, ఇంకొకడికి బహువచనం ఎందుకని, న్యాయాధికారులను కూడా 'దౌ' అనే పిలిచారు. దానికి తిట్లూ తిన్నారు, దెబ్బలూ తిన్నారు. ఆశయం గొప్పదే, కానీ భాష వాళ్ల వెంట వెళ్లలేదు. జనం సమానత్వాన్ని రెండో వైపు నుంచి తెచ్చుకున్నారు: అందరినీ 'యు' అనేశారు. యార్క్‌షైర్ లాంటి కొన్ని ప్రాంతాల పల్లె మాటల్లో తప్ప 'దౌ' వాడుకలోంచి పోయింది. షెఫీల్డ్‌లో 'దీ', 'దా' అనే రూపాలు ఎంతకాలం నిలిచాయంటే, ఆ ఊరివాళ్లని చుట్టుపక్కలవాళ్లు 'డీ-డా'లని పిలిచేవాళ్లు.

ఒక్కరితో మాట్లాడినా 'యు ఆర్' అనే అంటాం, 'యు ఈజ్' అనం. 'మీరు వచ్చారు'లో చివర 'రు' ఉన్నట్టే, ఇంగ్లీషు క్రియలో పాత బహువచనం ఇంకా అలా ఉండిపోయింది. 18వ శతాబ్దంలో కొందరు ఒకరితో 'యు వాజ్', ఎక్కువమందితో 'యు వర్' అని తేడా చూపించడానికి ప్రయత్నించారు. నా ఉద్దేశంలో అది చాలా తెలివైన ఏర్పాటు. కానీ రాబర్ట్ లౌత్ 1762లో అచ్చేసిన వ్యాకరణంలో అది తప్పని రాశాడు. బడి పుస్తకాలు ఆ తీర్పునే పట్టుకున్నాయి. ఆ దారీ మూసుకుపోయింది.

పోయింది చిన్న వస్తువు కాదు

లూకా సువార్త 22వ అధ్యాయంలో యేసు పేతురుతో అనే రెండు వాక్యాలున్నాయి. తెలుగు బైబిల్లో మొదటి వాక్యంలో సాతాను 'మిమ్మును' గోధుమల్లా జల్లించడానికి కోరుకున్నాడని ఉంటుంది. రెండో వాక్యంలో నీ నమ్మకం తప్పిపోకుండా 'నీకొరకు' వేడుకున్నానని ఉంటుంది. ప్రమాదం శిష్యులందరికీ, ప్రార్థన పేతురు ఒక్కడి కోసం. తెలుగు చదివేవాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. 1611 నాటి కింగ్ జేమ్స్ అనువాదంలో కూడా ఒకచోట 'యు', ఒకచోట 'దౌ'కి కర్మ రూపమైన 'దీ' ఉన్నాయి కాబట్టి తేడా తెలుస్తుంది. నేటి ఇంగ్లీషు అనువాదాల్లో రెండు చోట్లా 'యు' వచ్చింది. అందుకని కొన్నింటిలో 'యు ఆల్' అని చేర్చాల్సి వచ్చింది, ఇంకొన్నింటిలో పేజీ కింద వివరణ పెట్టాల్సి వచ్చింది.

ఇదే తంటా ఆఫీసుల్లో రోజూ ఉంటుంది. అమెరికా నుంచి ఒకరు, హైదరాబాద్ నుంచి ఐదుగురు ఉన్న కాల్‌లో, 'కెన్ యు చెక్ దిస్ బై ఫ్రైడే?' అని అడిగారనుకోండి. ఆ మాట ఇప్పటిదాకా మాట్లాడిన ఒక్కరితోనా, టీమ్ మొత్తంతోనా? ఒకరిని అడిగారని మిగతావాళ్లు వదిలేస్తారు, అందరినీ అడిగారని ఆ ఒక్కరూ వదిలేస్తారు. శుక్రవారం అందరికీ టెన్షన్. అదే 'కెన్ యాల్ చెక్' అని ఉంటే ఈ గందరగోళమే లేదు. దక్షిణాది వాళ్ల మాట మోటుగా ఉంటుందని వెక్కిరించేవాళ్లు ఉన్నారు గానీ, ఈ ఒక్క విషయంలో బడి ఇంగ్లీషు చేయలేని పనిని ఆ మాట చేస్తోంది.

ఎవరికి వాళ్లు చేసుకున్న మాట

ఇంత అవసరమైన మాట పోతే జనం ఊరుకోరు. ఇంగ్లీషు వెళ్లిన ప్రతిచోటా కొత్త బహువచనం ఒకటి పుట్టింది. ఐర్లండ్‌లో పాత 'యీ'నే కొందరు నిలుపుకున్నారు, ఇంకొందరు 'యు'కి బహువచనపు 'స్' తగిలించి 'యూజ్' అన్నారు. ఆ 'యూజ్' ఐరిష్‌వాళ్లతో పాటు లివర్‌పూల్, న్యూయార్క్, ఆస్ట్రేలియా దాకా వెళ్లింది. పిట్స్‌బర్గ్‌లో 'యు వన్స్' అరిగి అరిగి 'యిన్జ్' అయింది. ఆ ఊళ్లో పుట్టిపెరిగిన పాతకాపులకి 'యిన్జర్' అని పేరే పడింది. జమైకాలో 'ఉను' అంటారు. అది పశ్చిమ ఆఫ్రికాలోని ఇగ్బో భాష నుంచి, బానిసలుగా పట్టి తెచ్చిన మనుషుల నోట వచ్చిన మాట. ఉత్తర, పశ్చిమ అమెరికాలో 'యు గైస్'. ఆ 'గై' ఎవరంటే, 1605లో లండన్ పార్లమెంటును పేల్చేయబోయి పట్టుబడ్డ గై ఫాక్స్. ఏటా ఆయన బొమ్మ చేసి తగలబెట్టేవాళ్లు, ఆ బొమ్మ 'గై' అయింది, తర్వాత వింత వేషం వేసినవాడు 'గై', అమెరికా వెళ్లాక ఏ మగాడైనా 'గై', చివరికి ఆడామగా అందరూ 'గైస్'.

స్పానిష్‌లో 'వోస్' అనే బహువచనం మర్యాద మాటగా మారిపోతే, దానికి 'ఇతరులు' అన్న మాట కలిపి 'వొసోత్రోస్' చేసుకున్నారు. హిందీలో 'ఆప్ లోగ్', మన హైదరాబాదీ ఉర్దూలో 'తుమ్ లోగాఁ', 'ఆప్ లోగాఁ'. ఇక తెలుగులో? 'మీరు ఎప్పుడొచ్చారు?' అంటే ఎంతమందిని అడిగినట్టు? అందుకే ఎక్కువమంది అని తేలాల్సిన చోట 'మీరందరూ', 'మీరంతా', 'మీరిద్దరూ' అంటున్నాం. బహువచనం మర్యాదకి ఖర్చయిపోయినప్పుడు 'అందరూ', 'మనుషులు', 'ఇతరులు' లాంటి మాటని పక్కన చేర్చి మళ్లీ బహువచనం సంపాదించుకోవడం ఎన్నో భాషల్లో జరిగిన పని. 'యాల్' అందులో ఒకటి. దాన్ని అమెరికావాళ్ల సోమరి పలుకుగా చూడటం అన్యాయం.

పుట్టుక మీద మూడు వాదనలు

'యు ఆల్' కుదించుకుపోయి 'యాల్' అయిందన్నది మొదటి వాదన. ఇది తేలికైనదే కాని, చిన్న అడ్డంకి ఒకటుంది. ఇంగ్లీషులో సాధారణంగా 'వి ఆర్' 'వియర్' అయినట్టు, కుదింపులో అరిగేది రెండో మాట. ఇక్కడ మొదటి మాట అరిగింది. దీన్ని పట్టుకునే భాషాశాస్త్రవేత్త మైకేల్ మాంట్‌గోమరీ రెండో వాదన తెచ్చారు. 18వ శతాబ్దంలో ఐర్లండ్‌లోని అల్‌స్టర్ నుంచి స్కాట్స్-ఐరిష్ (స్కాట్లండ్ నుంచి వచ్చి అక్కడ స్థిరపడ్డవాళ్ల) జనం పెద్ద సంఖ్యలో అమెరికా వచ్చి అపలేషియన్ కొండల వెంట దక్షిణానికి వ్యాపించారు. వాళ్ల మాటలో 'యీ ఆ' అనే పదబంధం ఉండేది, అర్థం 'మీరంతా'. 'యాల్'కి అదే మూలమో, కనీసం అదే అచ్చో అని ఆయన అభిప్రాయం.

మూడోది నల్లజాతి వాళ్ల పాత్ర. దక్షిణాది ఇంగ్లీషును తయారుచేసింది తెల్లవాళ్లొక్కరే కాదు. పత్తి చేలల్లో, వంటిళ్లలో, పిల్లల్ని పెంచిన చోట బానిసలుగా బతికిన ఆఫ్రికన్ల భాషలు చాలావాటిలో 'నువ్వు', 'మీరు' స్పష్టంగా వేరు. ఆ తేడా లేని భాష నేర్చుకోవాల్సి వచ్చినప్పుడు వాళ్లు దాన్ని చేర్చుకోకుండా ఉంటారా? కరీబియన్‌లో 'ఉను' నిలిచినట్టే ఇక్కడ 'యాల్' స్థిరపడటానికి వాళ్ల నోరు తోడ్పడి ఉంటుందని అనేవాళ్లున్నారు. ఈ మూడింటిలో ఒకటే నిజమై ఉండాలని ఏమీ లేదు. ఒకే అవసరం మూడు వైపుల నుంచి వచ్చి ఒకే మాట దగ్గర కలిసిందని నాకనిపిస్తుంది.

19వ శతాబ్దం మధ్యకల్లా ఇది అచ్చులో కనిపిస్తోంది. 1886లో న్యూయార్క్ టైమ్స్ దక్షిణాది వింత మాటల మీద వ్యాసం వేసి, అందులో దీన్ని ఎగతాళి చేసింది. అదే పత్రిక 2013 డిసెంబరులో, మీ మాటను బట్టి మీరు ఏ ప్రాంతం వారో చెప్తామంటూ ఒక క్విజ్ పెట్టింది. అందులో ఇద్దరు, అంతకన్నా ఎక్కువమంది ఉన్న గుంపును ఏమని పిలుస్తారన్న ప్రశ్న ఉంది. 'యాల్' అని జవాబిస్తే దక్షిణాది రాష్ట్రాల మీద రంగు నిండిపోయేది. ఆ ఏడాది ఆ పత్రిక వెబ్‌సైట్‌లో జనం అన్నిటికన్నా ఎక్కువ చూసింది ఈ క్విజ్‌నే.

దక్షిణం దాటి ఈ మాట ఎలా వెళ్లిందంటే, మొదట నల్లజాతి కుటుంబాలతో. 1910 నుంచి 1970 మధ్య సుమారు 60 లక్షల మంది నల్లవాళ్లు దక్షిణాదిలోని హింసనీ, కూలి బతుకునీ వదిలి షికాగో, డెట్రాయిట్, న్యూయార్క్, లాస్ ఏంజెలిస్ లాంటి నగరాలకి వలసపోయారు. వాళ్లతో పాటు 'యాల్' ఆ నగరాల వీధుల్లోకి, చర్చిల్లోకి, ఆ తర్వాత పాటల్లోకి వెళ్లింది. ఇవాళ అమెరికాలో ఏ మూలకి వెళ్లినా ఇది వినబడటానికి పెద్ద కారణం వాళ్లే. ఈ మధ్య ఇంకో కారణం తోడైంది. ఆడవాళ్లున్న గుంపును 'గైస్' అనడం నచ్చని కుర్రకారు, ఆడా మగా తేడా లేని మాట కావాలని 'యాల్' అంటున్నారు. ఒకప్పుడు ఉద్యోగం ఇంటర్వ్యూలో నాలుక కరుచుకుని దాచుకున్న మాట ఇప్పుడు సియాటిల్ ఆఫీసుల్లోనూ చెల్లుతోంది. మన దగ్గర సినిమాల్లో తెలంగాణ మాటనీ, శ్రీకాకుళం మాటనీ చాలాకాలం కమెడియన్లకీ, విలన్లకీ మాత్రమే ఇచ్చిన సంగతి గుర్తున్నవాళ్లకి, ఈ మార్పు ఎంత విలువైందో చెప్పక్కర్లేదు.

ఈ మాట మీద అక్కడి జనానికి ఎంత ప్రేమో తెలియాలంటే కెంటకీలోని ఫ్లోరెన్స్ అనే ఊరికి వెళ్లాలి. ఉత్తరం వైపు సిన్సినాటి నుంచి నది దాటి కాస్త ముందుకొస్తే, హైవే పక్కన ఎర్రచారల నీళ్ల ట్యాంకు కనిపిస్తుంది. 1974లో దాని మీద పెద్ద అక్షరాలతో 'ఫ్లోరెన్స్ మాల్' అని రాశారు. మాల్ అప్పటికి ఇంకా కట్టనే లేదు. కట్టని మాల్‌కి హైవే మీద ప్రచారమేంటని రోడ్ల శాఖ రూల్స్ అడ్డొచ్చాయి. మొత్తం చెరిపి మళ్లీ రాయాలంటే ఖర్చు. 'ఎమ్' అక్షరానికి రెండు పక్కల నిలువు గీతలు తీసేస్తే మధ్యలో మిగిలేది 'వి' ఆకారం. దానికి కింద ఒక కాడ, పక్కన ఒక అపాస్ట్రఫీ పెట్టారు. 'ఫ్లోరెన్స్ యాల్' అయింది. మాల్ తెరిచాక మళ్లీ మార్చుదామనుకున్నారు గానీ జనానికి అది తెగ నచ్చేసింది. ఉత్తరాది నుంచి వచ్చేవాళ్లకి ఇక దక్షిణాది మొదలైందని చెప్పే బోర్డులా అలాగే ఉండిపోయింది. ఆ ఊరి బేస్‌బాల్ జట్టు కూడా 2020 నుంచి పేరు మార్చుకుని 'ఫ్లోరెన్స్ యాల్స్' అయింది.

రెండు మాటలు కాదు, ఒకే మాట

'యాల్' అంటే 'యు ఆల్'ని గబగబా పలకడమే అనుకుంటే కొన్ని వాడుకలు అర్థం కావు. ఇంగ్లీషులో ఇద్దరున్నప్పుడు 'ఆల్' అనరు, 'బోత్' అంటారు. 'యాల్' మాత్రం మొగుడూపెళ్లాలిద్దరే ఉన్నా హాయిగా అంటారు. 'ఆర్ యాల్ ఆల్ కమింగ్?' అని కూడా అడుగుతారు. అందులో 'ఆల్' రెండుసార్లు ఉందని దక్షిణాది వాళ్లకి అనిపించదు, ఎందుకంటే వాళ్లకి 'యాల్' అంటే ఒట్టి 'మీరు', రెండో 'ఆల్' అంటే 'అందరూ'. 'యాల్స్ హౌస్' అంటే మీ ఇల్లు. నోటి మాటలో ఇది ఇంకా సాగి, 'యు ఆల్ వుడ్ హావ్' అన్న నాలుగు మాటలు కలిసి 'యాల్డవ్' అయిపోతాయి.

'ఆల్ యాల్' అని ఇంకొకటి ఉంది. గుంపులో కొంతమందిని అంటే 'యాల్', ఒక్కరినీ వదలకుండా అంటే 'ఆల్ యాల్'. క్లాసులో టీచర్ 'యాల్ బి క్వయట్' అంటే వెనక బెంచీవాళ్లని అన్నారేమో అనుకోవచ్చు. 'ఆల్ యాల్' అన్నాక ముందు బెంచీ కూడా నోరు మూసుకోవాల్సిందే. బహువచనం మీద ఇంకో బహువచనం ఏంటని విడ్డూరపడక్కర్లేదు. మన పద్యాల్లో 'మీరు' ఉండగానే 'మీరలు', 'వారు' ఉండగానే 'వారలు' ఉన్నాయి కదా.

'ఆల్'ని ఇలా చివర తగిలించే అలవాటు దక్షిణాదిలో ప్రశ్నలకీ పాకింది. 'హూ ఆల్ ఈజ్ కమింగ్?', 'వాట్ ఆల్ డిడ్ యు బై?' అంటారు. ఇవి మనకి బాగా తెలిసిన వాక్యాలే. 'ఎవరెవరు వస్తున్నారు', 'ఏమేం కొన్నావు' అనే అలవాటున్న మనం ఇంగ్లీషులో మాట్లాడేటప్పుడు ఈ 'హూ ఆల్', 'వాట్ ఆల్' చాలా సహజంగా వాడతాం. అది ఇండియన్ ఇంగ్లీషు తప్పు అని న్యూయార్క్‌లో ఎవరైనా సరిదిద్దితే, టెక్సాస్‌లో తాతలనాటి నుంచి అలాగే అంటున్నారని నిబ్బరంగా చెప్పొచ్చు.

ఒక్కరితో 'యాల్' అన్నప్పుడు

ఇప్పుడు అసలు పేచీకి వద్దాం. ఒక్క మనిషిని 'యాల్' అనొచ్చా? అమెరికన్ భాషా పత్రికల్లో ఈ వాదన 1920ల నుంచి నడుస్తోంది. ససేమిరా అనరని దక్షిణాది వాళ్లే గట్టిగా చెప్తారు. సినిమాల్లో దక్షిణాది వేషం వేసిన నటుడు ఒంటరిగా ఉన్న మనిషిని 'యాల్' అన్నాడంటే వాళ్లకి ఒళ్లు మండుతుంది. మేం విన్నాం, అంటారు అని బయటివాళ్లు అంతే గట్టిగా చెప్తారు. 1990లలో ఓక్లహోమాలో భాషాశాస్త్రవేత్తలు గై బైలీ, జ్యాన్ టిల్లరీ సర్వే చేసినప్పుడు, మేం ఒక్కరితోనూ వాడతామని తమంతట తామే ఒప్పుకున్నవాళ్లు కూడా కనబడ్డారు. కాబట్టి అస్సలు లేదనలేం. కానీ 'విన్నాం' అని బయటివాళ్లు చెప్పే సందర్భాలు చాలావాటిలో జరిగేది వేరు, దాన్ని పోల్చుకోవడం తెలుగువాళ్లకి చాలా తేలిక.

వీధిలో ఆడుకుంటున్న ఎనిమిదేళ్ల పిల్లాడిని ఆపి ఏమడుగుతాం? 'ఏరా, మీ నాన్న ఇంట్లో ఉన్నాడా?' వాడిని 'ఏరా' అంటూనే 'మీ నాన్న' అంటాం. వాడు ఒక్కగానొక్క కొడుకైనా అంతే. 'నీ' పెడితే అడిగేవాడికి వాడి మీద కోపముందనుకుంటారు. 'నీ అమ్మ' అంటే ఇక చెప్పేదేముంది, కొట్లాటే. వాడి దగ్గరున్న బ్యాటు 'నీ బ్యాటు', చెప్పులు 'నీ చెప్పులు', కానీ ఇల్లు 'మీ ఇల్లు', ఊరు 'మీ ఊరు', బడి 'మీ బడి'. చిన్నప్పటి స్నేహితుడిని 'నువ్వు' అనే పిలుస్తాం, పండగ దగ్గరపడితే మాత్రం 'సంక్రాంతికి మీరు ఊరెళ్తున్నారా?' అంటాం. వాడి మీద హఠాత్తుగా మర్యాద పుట్టి కాదు. ప్రయాణం వాడొక్కడిది కాదు, పెళ్లాం పిల్లలది కూడా. భార్యని 'మా ఆవిడ', భర్తని 'మా ఆయన' అనడం కూడా ఈ కోవలోదే. ఎదురుగా కనిపించేది ఒక్కరే అయినా, వెనక ఒక ఇల్లు ఉందని మన సర్వనామం గుర్తుపెట్టుకుంటుంది.

'యాల్' చేసేది ఇదే. వాల్‌మార్ట్‌లో ఎదురైన పాత స్నేహితురాలిని 'హౌ యాల్ డూయింగ్?' అని అడిగితే నువ్వూ, మీ ఆయనా, పిల్లలూ ఎలా ఉన్నారని. హార్డ్‌వేర్ షాపులో ఒకే ఒక కుర్రాడున్నా 'డూ యాల్ హావ్ నెయిల్స్?' అనే అడుగుతారు. మేకులు ఆ కుర్రాడివి కావు, షాపువి. మనం కూడా కిరాణా కొట్టు కుర్రాడిని 'నువ్వు' అంటూనే 'మీ దగ్గర అగ్గిపెట్టెలున్నాయా?' అంటాం కదా. గుమ్మం దగ్గర ఒంటరి అతిథితో 'యాల్ కమ్ బ్యాక్' అంటే, ఈసారి ఇంటిల్లిపాదీ రమ్మని. పక్కనుంచి విన్న ఉత్తరాది మనిషికి కనిపించింది ఒక్కరే కాబట్టి, ఒక్కరితోనూ 'యాల్' అంటారని తీర్మానించేస్తాడు. దక్షిణాది మనిషి మనసులో ఉన్నది ఇల్లంతా కాబట్టి, ఒక్కరితో ఎప్పుడూ అననని ఒట్టేసి చెప్తాడు. చాలా సందర్భాల్లో ఇద్దరూ నిజమే చెప్తున్నారు. తెలుగు, తమిళం లాంటి భాషల పిల్లలు మాటలతో పాటు నేర్చుకునే ఈ అలవాటు తెలిసినవాళ్లు ఆ చర్చలో మొదటి నుంచీ ఉండి ఉంటే, అది ఇంత కాలం సాగేది కాదేమో.

ఇక వాడుక సంగతి. గౌరవం చూపించాలంటే దక్షిణాదిలో దానికి వేరే మాటలున్నాయి: 'యెస్ మేమ్', 'నో సర్'. అక్కడ పిల్లలకి వీటిని గట్టిగా నేర్పిస్తారు. పెద్దావిడని ఆవిడ ఆరోగ్యం గురించి అడగాలంటే 'హౌ ఆర్ యు, మేమ్?' అనాలి, అది మర్యాద. 'మీ మోకాలి నొప్పి ఎలా ఉందండీ?' అన్న ఉద్దేశంతో 'హౌ ఈజ్ యాల్స్ నీ?' అంటే మాత్రం ఆవిడకి అర్థం కాదు. మోకాలు ఆవిడ ఒక్కదానిదే. ఆఫీసు మెయిల్‌లో టీమ్‌ని ఉద్దేశించి 'యాల్' రాయడం ఇప్పుడు చాలాచోట్ల మామూలే. కాంట్రాక్టుల్లో, వీసా కాగితాల్లో మాత్రం రాయరు. రాసినప్పుడు అపాస్ట్రఫీని ఎ తర్వాత పెట్టడం చాలామంది చేసే పొరపాటు. అది మాయమైన 'ఓ, యు' అక్షరాలకి గుర్తు కాబట్టి వై పక్కనే ఉండాలి.

ఒక్కరే ఉన్నప్పుడు ఎవరైనా 'హౌ యాల్ డూయింగ్?' అని అడిగితే 'అయామ్ ఫైన్' అని ముగించేయకండి. అడిగింది ఇంటిల్లిపాది గురించి. 'వి ఆర్ డూయింగ్ గుడ్' అని, పిల్లల బడి సంగతో, ఊర్నుంచి అమ్మానాన్నా వచ్చిన సంగతో ఒక ముక్క చెప్పి, 'హౌ అబౌట్ యాల్?' అని తిరిగి వాళ్ల ఇంటివాళ్లని కూడా అడగండి.